కండ పెంచే కసరత్తు – 4వ పాఠం: బరువు ఎప్పుడు పెంచాలి?

స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని బార్‌ను పైకి నెట్టడం), రో (బరువును ఒంటివైపు లాక్కోవడం) ఎలా చేయాలో పోయిన పాఠంలో చూశాం. ఫామ్, అంటే వ్యాయామం చేసే తీరు, కాస్త కుదరగానే అందరికీ వచ్చే సందేహం, బరువు ఎప్పుడు పెంచాలని. తేలిగ్గా అనిపించినప్పుడు పెంచుదామనుకుంటే కుదరదు. రాత్రి బాగా నిద్రపడితే మర్నాడు ఏ బరువైనా తేలిగ్గానే ఉంటుంది. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి.

ఒక్కో వ్యాయామానికి 3 సెట్లు, సెట్‌కి 8 నుంచి 12 రెప్స్. వ్యాయామం ఒకసారి పూర్తిగా చేస్తే ఒక రెప్, ఆగకుండా వరసగా చేసే రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్. ఇంకో రెండు చేయగలను అనిపించే చోట సెట్ ఆపేయాలి. 40 కిలోలతో బెంచ్ ప్రెస్ మొదలుపెట్టారనుకుందాం. మొదటి రోజు 10, 9, 8 వచ్చాయి. మరుసటిసారి బరువు ముట్టుకోవద్దు, రెప్స్ మాత్రమే పెంచాలి. 11, 10, 9 వచ్చినా పెరిగినట్టే. మూడు సెట్లలోనూ 12 పూర్తయ్యాకే 42.5 కిలోలకు వెళ్లాలి, అంటే బార్‌కి రెండు వైపులా చెరో 1.25 కిలోల ప్లేటు. అప్పుడు రెప్స్ మళ్లీ 8, 9 దగ్గరికి దిగుతాయి. కంగారు పడకండి, దిగాల్సిందే.

చిక్కు డంబెల్స్‌తోనే. 10 కిలోల నుంచి 12.5కి వెళ్తే ఒక్కసారిగా 25 శాతం పెంచినట్టు. భుజాల వ్యాయామాల్లో అంత పెంపు తట్టుకోవడం కష్టం. అక్కడ 15 రెప్స్ దాకా వెళ్లాకే పెద్ద డంబెల్ అందుకోండి.

ఇది జిమ్ ట్రైనర్లు నిన్నగాక మొన్న కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడిన సైనికులకు థామస్ డిలార్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు ఇలాగే బరువు పెంచుకుంటూ కసరత్తు చేయించి, 1945లో ఆ పద్ధతి గురించి రాశాడు.

మొదటి కొన్ని వారాలు బరువులు చకచకా పెరుగుతాయి, అద్దంలో మాత్రం పెద్దగా తేడా కనిపించదు. అప్పటి బలం ఎక్కువగా నాడులు పని నేర్చుకోవడం వల్ల వచ్చేది. కండ దాని వెనక నెమ్మదిగా వస్తుంది. చాలామంది సరిగ్గా అప్పుడే విసుగొచ్చి ప్రోగ్రాం మార్చేస్తారు. ఆ పని చేయకండి.

వరసగా మూడుసార్లు ఒక్క రెప్ కూడా పెరగకపోతే ముందు సెట్ల మధ్య విరామం చూడండి. పెద్ద వ్యాయామాలకు 2, 3 నిమిషాలు కావాలి. తర్వాత నిద్ర, ఆపైన ప్రోటీన్: శరీర బరువులో కిలోకి రోజుకు సుమారు 1.6 గ్రాములు. కీలులో పోటు వస్తే మాత్రం లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ వ్యాయామం ఆపాలి.

ఈ వారం పని: ప్రతి సెట్‌కీ బరువు, రెప్స్ రాయండి. 5వ పాఠం చదివేటప్పుడు ఆ పేజీ దగ్గర పెట్టుకోండి, వారానికి ఎన్ని సెట్లు చేయాలో దాన్ని బట్టే తేలుస్తాం.