డాక్టరుతో ఆ మాట ఎత్తే ముందు

మా పాపకు తీవ్రమైన వైకల్యం ఉంది. బెంగళూరులో తనను చూసే డాక్టరుతో ముందుముందు ఏ చికిత్స కావాలి, ఏది వద్దు అని మాట్లాడే ముందు మేము చేసుకున్నవి ఇవి.

• బిడ్డ జ్వరంతో మూలుగుతున్న రోజు ఈ చర్చ వద్దు. ముందు భార్యాభర్తలు ఇద్దరే మాట్లాడుకోండి. అమ్మమ్మ, నాయనమ్మలకు తర్వాత చెప్పవచ్చు.

• బిడ్డ గురించి ఒక పేజీ రాయండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. మా పాప మాట్లాడదు. నొప్పి వస్తే ఎడమ పిడికిలి బిగిస్తుంది, నా గొంతు వింటే వదులుతుంది. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో ఉన్న కొత్త డాక్టరుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఏ మందులు, ఎంత మోతాదు, మూర్ఛ వస్తే ఏం చేయాలి అన్నవీ అందులోనే ఉండాలి.

• వెంటిలేటర్, శ్వాసకోసం గొంతు దగ్గర చేసే రంధ్రం, పొట్టలోకి ఆహార గొట్టం: ఒక్కొక్కదాని గురించి విడిగా అడగండి. దానివల్ల బిడ్డకు ఏం దక్కుతుంది, ఎంత బాధ? వెంటిలేటర్ వద్దనుకున్నా నొప్పి తగ్గించే ఉపశమన వైద్యం ఆగదు. ఆ హామీ నోటితో అడిగి తీసుకోండి.

• కన్నడం, ఇంగ్లీషు అర్థం కాకపోతే తెలుగు తెలిసిన నర్సును పిలవమనండి. మొహమాటపడవద్దు.

• సుప్రీంకోర్టు 2018లో అనుమతించి, 2023లో సులభం చేసిన ముందస్తు వైద్య నిర్దేశం, అంటే తాము చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రం, వయోజనులు తమకోసం తాము రాసుకునేది. బిడ్డ పేరున మనం రాయలేము. కాబట్టి మన నిర్ణయాలు ఆసుపత్రి ఫైలులో నమోదయ్యాయో లేదో చూసుకోండి.

• బిడ్డకు 18 ఏళ్లు నిండబోతుంటే, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకత్వానికి (బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధమైన హక్కుకు) జిల్లా స్థాయి కమిటీ దగ్గర దరఖాస్తు చేసుకోండి.