పేజీలో పెట్టిన డాక్యుమెంట్ అచ్చులో మసకబారితే: సమస్య - పరిష్కారం

తెరపై మసక, అచ్చులో మసక వేర్వేరు సంగతులు. వేగం కోసం ఇన్‌డిజైన్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) మీరు పెట్టిన ఫైలుకు బదులు తేలికపాటి నమూనాను చూపిస్తుంది. వ్యూ మెనూలోని డిస్‌ప్లే పెర్ఫార్మెన్స్‌ను హై క్వాలిటీకి మార్చండి. బాగా కనిపిస్తే మీ ఫైలుకు ఏ జబ్బూ లేదు. ఈ ఒక్క పని చేయకుండానే ఫైలు పాడైందని మళ్లీ మళ్లీ తయారుచేసేవారు ఎందరో!

బొమ్మలు గళ్లుగళ్లుగా పడుతున్నాయి

లింక్స్ ప్యానెల్ తెరిచి ఎఫెక్టివ్ పీపీఐ (పేజీలో పెట్టిన సైజులో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో) చూడండి. దాని పక్కనున్న యాక్చువల్ పీపీఐని చూసి సంతృప్తిపడకండి. 300 పీపీఐ ఫొటోను 200 శాతానికి సాగదీస్తే అచ్చుకు మిగిలేది 150. ఫొటోషాప్‌లో అంకె పెంచినంత మాత్రాన లేని వివరం పుట్టదు. బొమ్మను చిన్నది చేయండి, లేదా అసలు ఫైలు తెప్పించుకోండి.

వర్డ్ ఫైలులోంచి బొమ్మను కాపీ చేసి అతికిస్తే ప్యానెల్‌లో లింకే ఉండదు. ఆ ఫైలుకు ఒక నకలు తీసి, దాని పేరు చివరన .docx తీసేసి .zip అని రాసి తెరవండి. వర్డ్ అనే ఫోల్డరులో మీడియా అనే ఫోల్డరు, అందులో బొమ్మలు ఉంటాయి. అయితే సేవ్ చేసేటప్పుడు వర్డ్ తనంతట తానే బొమ్మలను కుదించి ఉండవచ్చు. వర్డ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ఆ కుదింపును ఆపకముందు సేవ్ అయిన ఫైలు నుంచి ఎక్కువ ఆశించకండి.

పీడీఎఫ్‌ను స్మాలెస్ట్ ఫైల్ సైజ్ అమరికతో తయారుచేసి ఉంటే రంగు బొమ్మలు 100 పీపీఐకి దిగిపోయి ఉంటాయి. దాన్ని బాగుచేయడం కుదరదు. మళ్లీ చేయించాల్సిందే.

బొమ్మలు బాగానే ఉన్నాయి, అక్షరాలే అలుక్కుపోయినట్టున్నాయి

ముందు, పేజీని జేపీజీగా మార్చి పెట్టలేదు కదా? పేజీని బాగా జూమ్ చేసినా అక్షరం అంచు నున్నగానే ఉంటే అది నిజమైన అక్షరమే. అయినా అచ్చులో మసకగా ఉంటే అసలు దొంగ నలుపు రంగే.

వర్డ్‌కు తెలిసిన నలుపు ఆర్‌జీబీలో (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలో) 0, 0, 0. ముద్రణకు వెళ్లే దారిలో అది సీఎంవైకేగా (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలుగా) మారినప్పుడు ఒక్క నల్ల సిరాగా ఉండదు. అమెరికా వెబ్ కోటెడ్ స్వాప్ అనే రంగు ప్రొఫైలుతో మారిస్తే శాతాల్లో సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 అవుతుంది. అంటే సన్నని అక్షరం కూడా నాలుగు ప్లేట్ల మీద పడాలి. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చాలు. భూతద్దం పెట్టి చూస్తే అక్షరం ఒక అంచున గులాబీ, ఇంకో అంచున లేత నీలం కనిపిస్తాయి. చిన్న సైజులో ఒత్తులూ గుడులూ పూడుకుపోతాయి. దీన్ని ప్రెస్సువాళ్ల తప్పనుకుని గొడవపడడం మామూలే. తెరపై ఒక్క సిరా నలుపూ, నాలుగు రంగుల నలుపూ ఒకేలా ఉంటాయి. ఆఫీసు లేజర్ ప్రింటర్లు చాలావరకు ఆర్‌జీబీ నలుపు అక్షరాలను ఒక్క నల్ల టోనరుతోనే అచ్చువేస్తాయి. అందుకే ప్రూఫ్‌లోనూ దొరకదు.

దీన్ని పట్టుకోవడం మాత్రం తేలిక. ఇన్‌డిజైన్‌లో ఒక్కో సిరాను విడిగా చూపే సెపరేషన్స్ ప్రివ్యూ తెరిచి నలుపు ప్లేటును ఆపేయండి. అక్షరాలు మాయమైతే మంచిది. గోధుమ నీడలా మిగిలాయంటే నాలుగు రంగుల నలుపే.

ఉత్తపాఠమైతే పీడీఎఫ్‌గా పెట్టకండి, వర్డ్ ఫైలునే ప్లేస్ చేయండి. స్వాచెస్‌లో (రంగుల జాబితాలో) వర్డ్ పేరుతో ఆర్‌జీబీ నలుపు చేరితే దాన్ని తొలగించి, బదులుగా బ్లాక్‌ను ఎంచుకోండి. పీడీఎఫ్ తప్పనిసరైతే అక్రోబాట్ ప్రోలో కన్వర్ట్ కలర్స్ తెరిచి ప్రిజర్వ్ బ్లాక్ మీద టిక్ పెట్టి మార్చండి. అదే పేరుతో సేవ్ చేసి, లింక్స్‌లో పసుపు గుర్తు రాగానే అప్‌డేట్ చేయండి. చివరగా ఎగుమతిలో కన్వర్ట్ టు డెస్టినేషన్ కింద ప్రిజర్వ్ నంబర్స్ ఉన్నదాన్నే ఎంచుకోవాలి. లేదంటే మీరు శుద్ధి చేసిన నలుపును కూడా అది మళ్లీ నాలుగు రంగులు చేయగలదు. ఎగుమతైన పీడీఎఫ్‌ను అక్రోబాట్ అవుట్‌పుట్ ప్రివ్యూలో మరోసారి, నలుపు ఆపి, చూడండి.

అరుదైనవి

ఈపీఎస్ అనే పాత రకం బొమ్మ ఫైలును పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని వర్ణించే ప్రింటరు భాష) లేని ప్రింటరుకు పంపితే దానిలోని నాసిరకం ప్రివ్యూనే అచ్చవుతుంది. పీడీఎఫ్‌గా మార్చి పెట్టండి. నీడల వంటి పారదర్శక ఎఫెక్టుల పక్కన అక్షరాలు లావెక్కితే పాఠాన్ని పై లేయరులోకి జరపండి. గీతలు విరిగిపోతే 0.25 పాయింటు కంటే సన్నగా ఉన్నాయేమో చూసి మందం పెంచండి.