రాత్రి చేపల వేటకు గాలి లెక్క – 3వ పాఠం: కొండ చాటు మోసం

కిందటి పాఠంలో రెండు చెవుల పద్ధతి చెప్పాను. చీకట్లో కళ్ళు మూసుకుని, గాలి హోరు రెండు చెవులకూ సమానంగా వినపడేదాకా మెల్లగా మొహం తిప్పాలి. తిప్పడం ఆపిన చోట మీ ముక్కు ఎటుంటే గాలి అటునుంచే వస్తోంది. అది చేతనైందనుకుని ముందుకు వెళ్తున్నాను.

ఈసారి విషయం ఒక్కటే. ఒడ్డున గాలి లేదంటే నీళ్ళ మీద కూడా లేదని కాదు.

నాగార్జునసాగర్ జలాశయాన్నే చూడండి. 590 అడుగుల మట్టానికి నిండితే నీళ్ళు కొండల మధ్యకి చొచ్చుకుపోతాయి. పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) దింపడానికి మనం వెతుక్కునేది ఏదో ఒక కొండ చాటునే, అలలు తక్కువని. అక్కడే మోసపోతాం.

ఒక రాత్రి నేనూ బాబాయీ వలలు చూడ్డానికి బయల్దేరాం. రేవులో బాబాయి బీడీ పొగ నిట్టనిలువుగా లేచింది. "గాలే లేదురా, పద" అన్నాడు. కొండ మూల దాటామో లేదో, పక్కనుంచి ఒక్క విసురు. పుట్టి బొంగరంలా తిరిగింది. వెనక్కి తిప్పుదామని ఇద్దరం ఎంత తెడ్డేసినా రేవు దూరమవుతూనే ఉంది. చివరికి గాలి తోసిన ఒడ్డుకే చేరి, తడిబట్టలతో తెల్లారేదాకా కూర్చున్నాం. పొగ నిలువుగా లేచిన చోటికీ ఆ విసురు తగిలిన చోటికీ మధ్య రెండొందల గజాలు కూడా లేవు.

పుట్టి అడుగు చదునుగా ఉంటుంది, నీళ్ళలోకి లోతుగా దిగదు. అందుకే గాలి ఎటు తోస్తే అటు పోతుంది. పైగా గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 10 కిలోమీటర్ల గాలిలో తెడ్డేసిన చేతులే 20లో చాలవు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను పెట్టే హద్దు 12. ఆకులు ఆగకుండా కదులుతూ, పల్చటి గుడ్డపేలిక చాచుకుని ఎగిరితే ఆ హద్దు దాటినట్టే. టార్చిని నీళ్ళకు దాదాపు ఆనించి వెలుతురు దూరంగా పారించండి. అక్కడక్కడ తెల్లటి నురగ మెరిస్తే ఆ రాత్రి పుట్టి దించొద్దు.

ఈ పరీక్ష రేవులో కాదు, కొండ చాటు దాటి, గాలి సూటిగా తగిలే కొసన నిలబడి చెయ్యాలి. కర్రకు పేలిక కట్టుకుని పది నిమిషాలు ఓపిక పట్టండి. గాలి ఒకే తీరుగా రాదు. ఆ పది నిమిషాల్లో వచ్చిన పెద్ద విసురునే లెక్కలోకి తీసుకోండి, సగటును కాదు. ఫోన్‌లో గాలి వేగం చూసుకోండి, మంచిదే. అది నాట్లలో (knots) ఉంటే, కిలోమీటర్లలోకి మార్చడానికి 1.85తో గుణించండి. కానీ ఆ లెక్క 10 మీటర్ల ఎత్తుకి వేసేది, మీ కొండ మూల దానికి తెలియదు.

దిక్కు సంగతి. వీపున గాలి ఉంటే వెళ్ళడం హాయిగా ఉంటుంది, దాన్ని చూసే కొత్తవాళ్ళు సంబరపడతారు. తిరిగొచ్చేటప్పుడు, ఒళ్ళు అలిసి, పుట్టిలో చేపలూ తడి వలలూ బరువెక్కాక, అదే గాలికి ఎదురు తెడ్డెయ్యాలి. వెళ్ళేటప్పుడే మొహాన తగిలే గాలి మేలు.

అభ్యాసం: మూడు రాత్రులు పుట్టి ఎక్కకుండా రేవులో ఒకసారి, కొసన ఒకసారి పేలిక చూసి, టైముతో సహా నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే పాఠం వేసవి మబ్బులూ ఈదురుగాలీ. ఈలోగా ఉరుము వినపడితే నీళ్ళలోకి దిగొద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఒడ్డునే ఉండండి.