జనవరి 4 చరిత్రను ఎక్కడ మొదలుపెట్టాలి

జపాన్‌లో ఏటా జనవరి 4న జరిగే ప్రొఫెషనల్ రెజ్లింగ్ షో రెజిల్ కింగ్‌డమ్ చరిత్ర తెలుసుకోవాలంటే 1992 నుంచి వరసగా చూడకండి. న్యూ జపాన్ అనే రెజ్లింగ్ సంస్థ టోక్యో డోమ్ స్టేడియంలో జనవరి 4 షోలు మొదలుపెట్టింది ఆ ఏడే, ఇప్పటి పేరు వచ్చింది 2007లో. మొదట్లో ఇంతవరకు తెలిస్తే చాలు.

ముందు 2015 ఫైనల్ మ్యాచ్ పెట్టండి. తనహాషి చేతిలో ఓడిన ఒకాడా ఏడుస్తూ ఆ పొడవాటి ర్యాంప్ మీద వెళ్లిపోతాడు. వెంటనే 2016 మ్యాచ్‌కి వెళ్లకండి, ఒక రాత్రి ఆగండి. అప్పుడే తనహాషి మీద ఒకాడా గెలుపు ఎంత పెద్దదో అర్థమవుతుంది. నేనైతే టెన్షన్‌తో కూర్చోలేక నిలబడే చూశాను.

తర్వాత 2017లో ఒకాడా, కెనీ ఒమెగా. 46 నిమిషాల 45 సెకన్లు. నెమ్మదిగా మొదలవుతుంది, అయినా ముందుకు జరపొద్దు. జపనీస్ కామెంటరీయే పెట్టుకోండి, ఆ గొంతుల్లో వణుకు భాష రాకపోయినా తెలుస్తుంది.

లైవ్ చూడాలంటే జపాన్ టైమ్‌లోంచి మూడున్నర గంటలు తీసేయండి.