ఫారిన్ ట్రిప్‌లో వార్ మ్యూజియంకి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

– గిఫ్ట్ షాపులో బుల్లెట్ కీచైన్, ఖాళీ తూటా, గ్రెనేడ్ బొమ్మ లాంటివి కొనకండి. డమ్మీయే కదా అనుకుంటాం కానీ స్కానర్‌లో అసలుదానిలాగే కనిపిస్తుంది, బ్యాగంతా విప్పించి నిలబెట్టేస్తారు, ఈలోపు ఫ్లైట్ వెళ్లిపోతుంది, ఒక్కోచోట కేసు దాకా కూడా పోతుంది. నేనైతే ఇత్తడి కీచైన్ ఒకటి చేతిలోకి తీసుకుని, మనసొప్పకపోయినా మళ్లీ పెట్టేసి పోస్ట్‌కార్డులు కొనుక్కున్నా.

– ట్యాంకు పక్కన ఫొటో సరే, నాజీ సెల్యూట్ మాత్రం సరదాకి కూడా వద్దు. జర్మనీలో అది నేరం, 2017లో బెర్లిన్‌లో ఇలాగే ఫొటోలు దిగిన టూరిస్టుల్ని పోలీసులు పట్టుకున్నారు.

– ఏ బ్రాంచో చూసి బుక్ చేయండి. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంకి ఎంట్రీ ఫ్రీ, వాళ్లదే చర్చిల్ వార్ రూమ్స్‌కి టికెట్ ఉంది, పాత విమానాలుండే డక్స్‌ఫర్డ్ అయితే అసలు లండన్‌లోనే లేదు, కేంబ్రిడ్జ్ దగ్గర.

– సూట్‌కేసు హోటల్లో పడేసి వెళ్లండి. పారిస్‌లో ఆర్మీ మ్యూజియం ఉండే ఇన్వాలిడ్స్‌లో పెద్ద లగేజీ లోపలికి రానివ్వరు.

– పిల్లలతో వెళ్తే ఏ గదిలో ఏముందో ముందే కనుక్కోండి. వియత్నాంలో హోచిమిన్ సిటీలోని వార్ రెమ్నెంట్స్ మ్యూజియంలో ఏజెంట్ ఆరెంజ్ (యుద్ధంలో అమెరికా సైన్యం చల్లిన విష రసాయనం) బాధితుల ఫొటోలుంటాయి, పెద్దవాళ్లకే చూడ్డం కష్టం.