మెయిల్ భద్రత – 4వ పాఠం: లింకు నొక్కేశాక

పంపినవారి చిరునామా చూసి దొంగ మెయిలును ఎలా పట్టుకోవాలో గత పాఠంలో చూశాం. అయినా పని హడావుడిలో ఎప్పుడో ఒకప్పుడు లింకు నొక్కేస్తాం. ఆ తర్వాతి సంగతే ఈ పాఠం.

నొక్కాక ఏం చేశారో ముందు గుర్తు తెచ్చుకోండి. పేజీ చూసి మూసేశారా, ఫైలేదైనా దిగిందా, పాస్‌వర్డ్ కొట్టారా? చేయాల్సిన పని దాన్నిబట్టే ఉంటుంది.

చూసి మూసేసి ఉంటే చాలావరకు గండం గడిచినట్టే. బ్రౌజరుకు, ఫోనుకు ఆగి ఉన్న అప్‌డేట్లు ఇప్పుడే వేసేయండి. ఆ పేజీకి నోటిఫికేషన్ల అనుమతి ఇచ్చి ఉంటే సెట్టింగుల్లో తీసేయండి. నిజమో కాదో చూద్దామని మళ్ళీ మాత్రం తెరవకండి.

దిగిన ఫైలును తెరవకపోతే డిలీట్ చేసి, యాంటీవైరస్‌తో స్కాన్ పెట్టండి. తెరిచి ఉంటే వెంటనే నెట్ ఆపేసి పూర్తి స్కాన్ చేయాలి. ఆ కంప్యూటరులో పాస్‌వర్డులు మార్చొద్దు. మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ లోపల ఏదో రాసుకుంటూ ఉండొచ్చు. ఆఫీసు కంప్యూటరైతే సొంత వైద్యం వద్దు, ఐటీ వాళ్ళకు చెప్పేయండి. తిడతారని దాచిపెట్టేవాళ్ళే ఎక్కువ నష్టం తెస్తారు.

ఇక పాస్‌వర్డ్ కొట్టినవాళ్ళ సంగతి. వేరే పరికరం నుంచి, సైటు చిరునామా మీరే టైపు చేసి పాస్‌వర్డ్ మార్చండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడినా అక్కడా మార్చాలి. మెయిల్ ఖాతాకూ అదే వాడుతుంటే ముందు దాన్నే మార్చండి. మిగతా ఖాతాల రీసెట్ లింకులన్నీ వచ్చేది అక్కడికే కదా. కార్డు వివరాలు ఇచ్చి ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి, కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి బ్లాక్ చేయించండి.

చాలామంది పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటారు. దొంగ ఇంట్లో ఉండగా తాళం మార్చినట్టే అది. కొన్ని నకిలీ పేజీలు మీరు కొట్టిన పాస్‌వర్డునూ ఓటీపీనీ అప్పటికప్పుడే అసలు సైటుకు పంపి, లాగిన్ అయిన సెషన్‌ను, అంటే మళ్ళీ పాస్‌వర్డ్ అడగకుండా ఖాతాను తెరిచి ఉంచేదాన్ని, కాజేస్తాయి. అందుకని 'అన్ని పరికరాల నుంచి సైనౌట్' తప్పనిసరి. తర్వాత రికవరీ ఫోను నంబరు, రికవరీ మెయిలు మీవేనా చూడండి. ఖాతాకు జోడించిన యాప్‌లలో తెలియనివి తొలగించండి. చివరగా ఫార్వర్డింగ్, ఫిల్టర్లు. దొంగలు మీ మెయిళ్ళ కాపీ వేరే చిరునామాకు వెళ్ళేలా, బ్యాంకు హెచ్చరికలు నేరుగా ట్రాష్‌లో పడేలా పెట్టి పోతారు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఏర్పాటు చెక్కుచెదరదు.

అభ్యాసం: ఏ లింకూ నొక్కకపోయినా, జీమెయిల్‌ను కంప్యూటరులో తెరిచి సెట్టింగుల్లో 'ఫార్వర్డింగ్', 'ఫిల్టర్స్' ట్యాబులు చూడండి. ఔట్‌లుక్‌లో అయితే 'రూల్స్' అని ఉంటుంది. మీరు పెట్టనిది ఒక్కటి కనిపించినా తీసేసి, పాస్‌వర్డ్ మార్చడం దగ్గర నుంచి పైన చెప్పినవన్నీ చేయండి. పాస్‌వర్డుకు బదులు వాడే, నకిలీ చిరునామాలో పనిచేయని పాస్‌కీల గురించి 5వ పాఠంలో.