హైదరాబాద్ వదిలి ఆంధ్రాలో చిన్న ఊరికి కాపురం మార్చేముందు

అద్దె తగ్గుతుందని ఊరు మారినవాళ్లకు దెబ్బ తగిలేది కరెంటు బిల్లు దగ్గర, నీళ్ల దగ్గర, పిల్లల కాలేజీ సీటు దగ్గర. అద్దె ఎంతో టులెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే తేలిపోతుంది. మిగతావి ఊళ్లోకి వెళ్లి కనుక్కోవాల్సిందే.

ముందు ఎండ సంగతి. ఫోన్‌లో కనిపించే డిగ్రీలు చూసి ఊరు తేల్చకండి. అనంతపురం, కర్నూలు, కడపల్లో మే నెలలో 40 దాటడం మామూలే. కానీ అక్కడ గాలి పొడిగా ఉంటుంది, ఎయిర్ కూలర్‌తో నెట్టుకురావచ్చు. కాకినాడలో 37 డిగ్రీలే ఉన్నా ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. కూలర్ చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటే నీరు ఆవిరి కాదు, గది చల్లబడకపోగా పరుపులు చెమ్మ పడతాయి. అందుకని తీరం ఊళ్లలో ఏసీ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. విజయవాడలో రెండు బాధలూ ఉన్నాయి. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి వేసవి తేలిగ్గా గడుస్తుంది. అక్కడ చూసుకోవాల్సింది నీళ్లు.

ఏసీ ఖర్చు ఇలా లెక్కేయండి. టన్నున్నర ఏసీ గంటకు ఒక యూనిట్ లాగుతుందనుకుంటే, రాత్రి 8 గంటల చొప్పున నెలకు 240 యూనిట్లు. మామూలుగా 150 యూనిట్లు వాడే ఇల్లు మేలో 390కి చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు స్లాబుల ప్రకారం 150 యూనిట్లకు ఎనర్జీ చార్జీ, అంటే వాడిన యూనిట్ల ధర, రూ. 567, 390 యూనిట్లకు దాదాపు రూ. 2,460. 225 దాటాక ప్రతి యూనిట్‌కూ రూ. 8.75 పడటమే దీనికి కారణం. సర్దుబాటు చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు దీనికి అదనం. రెండో గదిలో కూడా ఏసీ పెడితే 400 దాటి రూ. 9.75 స్లాబులో పడతారు.

ఇల్లు చూడటానికి పొద్దున పూట వెళ్లకండి, పొద్దున అన్ని ఇళ్లూ చల్లగానే ఉంటాయి. మేలో రాత్రి ఎనిమిదింటికి వెళ్లి పడకగది పడమటి గోడకు అరచెయ్యి ఆనించండి. అప్పటికీ కాలుతుంటే ఆ గోడ తెల్లవారుజాము దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పై అంతస్తు అద్దె తక్కువే, కానీ నెత్తిమీద స్లాబు పగలంతా ఎండకు కాగుతుంది. తప్పనిసరై తీసుకుంటే డాబా మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ వేయిస్తారా అని ఓనర్‌ను ముందే అడగండి.

నీళ్ల గురించి ఓనర్ మాట నమ్మొద్దు, అదే వీధిలో రెండో అంతస్తులో అద్దెకున్నవాళ్లను అడగండి: మేలో మున్సిపల్ నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ట్యాంకర్ ఎప్పుడు తెప్పించారు? బాత్రూమ్ కుళాయి మూతి చుట్టూ తెల్లగా గారపట్టి ఉంటే బోరు నీళ్లు కఠినం, గీజరు కాయిలు, వాషింగ్ మెషీన్ త్వరగా పాడవుతాయి. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే టీడీఎస్ మీటరు ముంచితే లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే ఆధారం లేనప్పుడు భారతీయ ప్రమాణాలు 2,000 దాకా ఒప్పుకుంటాయి, కానీ అంత ఉప్పు నీళ్లు తాగలేం. ఈ మీటరు ఫ్లోరైడ్ చెప్పదు. కనిగిరి వైపు, అలాగే నల్గొండ జిల్లాలో అసలు బెడద అదే. బోరు మోటారు ఐదు నిమిషాలు నడవనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, లీటరు నింపి ల్యాబ్‌కు ఇవ్వండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికీ వంటకూ ఎవరికీ పనికిరావు, పళ్లు వచ్చే వయసు పిల్లలకు మరీను. కాచినా ఫ్లోరైడ్ పోదు.

వానాకాలంలో ఇంకోసారి వెళ్లండి. నెల్లూరు, తిరుపతి వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, ఆగస్టులో చూసొస్తే ఏమీ తెలియదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. ఇలాంటి చోట్ల పాత ఇళ్ల ప్రహరీల మీద బురద గీత కనిపిస్తుంది. కొత్తగా సున్నం వేసి ఉంటే పాలు పోసే అతన్ని అడగండి, గీత ఎంత ఎత్తుందో చేత్తో చూపిస్తాడు.

పిల్లలు ఎనిమిదో తరగతి దాటుతుంటే ఆగి ఆలోచించండి. తెలంగాణ మెడికల్ సీట్లకు స్థానికత, అంటే స్థానిక విద్యార్థిగా లెక్క, కావాలంటే సాధారణంగా 9 నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు వరుసగా ఆ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. పదో తరగతి మధ్యలో రాష్ట్రం మారిస్తే లెక్క తెగిపోతుంది. ఆంధ్రాలో ఆంధ్రా యూనివర్సిటీ పరిధి, వెంకటేశ్వర యూనివర్సిటీ పరిధి అని రెండు స్థానిక ప్రాంతాలు. ఒంగోలు మొదటి దాంట్లోకి, నెల్లూరు రెండో దాంట్లోకి వస్తాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చదివి తేల్చుకోండి. చిన్న పిల్లలైతే ఈ గొడవ లేదు.

ఆసుపత్రికి బోధనాసుపత్రి ఉన్న ఊరు మేలు: కాకినాడ, గుంటూరు, కర్నూలు, తిరుపతి. పిల్లల డాక్టరు రాత్రి పన్నెండింటికి దొరుకుతాడా అన్నది వీధి మందుల షాపులో చెబుతారు. రైలు విషయానికొస్తే కాకినాడ మెయిన్ లైన్ మీద లేదు, చాలా బళ్లకు సామర్లకోట వెళ్లాలి. రాజమండ్రికి ఆ ఇబ్బంది లేదు.

స్థలం కొనే మాట ఏడాది తర్వాత, ఒక వేసవి, ఒక వానాకాలం అద్దెకుండి చూశాక. 11 నెలల అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు మీ వాటాకు కరెంటు మీటరు విడిగా ఉందో లేదో మెట్ల కింద బోర్డు తెరిపించి చూడండి. రెండు కుటుంబాలకు ఒకటే మీటరైతే ఇద్దరి యూనిట్లూ కలిసి పై స్లాబులోకి పోతాయి. అద్దెలో మిగిలింది కరెంటుకు కట్టేస్తారు.